రెండు వేళ్ల సందు

టైర్ల కొట్టులో ఆమెను అందరూ రెండువేళ్లక్క అంటారు. బండి ఏదైనా కానివ్వండి, దాని యజమాని ఎంతటివాడైనా కానివ్వండి, ఆమె ముందు వెళ్లి టైరుకూ దానిపైనున్న రేకు అంచుకూ మధ్య రెండు వేళ్లు దూర్చి చూస్తుంది. వేళ్లు ఆడితే సరే. ఇరుక్కుంటే, "ఈ చక్రాలు మీకొద్దు బాబూ" అని మొహం మీదే చెప్పేస్తుంది. ఆ మాటతో చెడిన బేరాలు తక్కువేమీ కాదు. అయినా కొట్టు యజమాని ఆమెను పల్లెత్తు మాట అనడు. మూతి ముడుచుకుని వెళ్లిపోయినవాళ్లే మళ్లీ వచ్చి ఆమె చెప్పిన చక్రాలు బిగించుకుని పోవడం ఆయన కళ్లారా చూస్తున్నదే.

అలాంటి మనిషి సొంత తమ్ముడి బండి దగ్గరే పప్పులో కాలేసింది.

తమ్ముడు కారు కొన్నది నాన్న కోసం. ఆయన జీవితమంతా బస్సు నడిపినవాడు. ఎందరెందరినో ఎక్కడెక్కడికో చేర్చాడు గానీ, తాను ఒక బండిలో వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చున్న పాపాన పోలేదు. ఇప్పుడు చూపు మందగించి స్టీరింగు వదిలేశాడు. ఆయన్ని దర్జాగా తిప్పాలని కొడుకు ముచ్చట. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ సరదా అంతటితో ఊరుకోనిస్తేగా! స్ప్రింగులు మార్పించి బండిని నేలబారుకు దించాడు. దించాక కంపెనీ చక్రాలు లోపలెక్కడో దాక్కున్నట్టు కనిపించాయట. ఫోన్లో ఎవరిదో బండి ఫొటో చూసి, అలాంటి వెడల్పాటి చక్రాలే కావాలని అక్క చెవినిల్లు కట్టుకుని పోరాడు.

అక్క వేళ్లు దూర్చి చూసింది. ఆడాయి. బిగించేసింది. తాను కొలిచింది ఖాళీ బండినన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. తమ్ముడి మొహంలో సంబరం చూస్తూ కొలిస్తే అలాగే ఉంటుంది మరి.

మొదటిసారి అమ్మా నాన్నా వెనక కూర్చున్నారు. వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేసరికి వెనక గర్రుమని చప్పుడు, ఆ వెంటనే రబ్బరు కాలిన వాసన. "ఆపు," అన్నాడు నాన్న. దిగి, అమ్మను దింపి, ఇంకో మాట లేకుండా ఇంటిదారి పట్టాడు. సాయంత్రం అక్క ఆ చక్రం విప్పి చూస్తే, పైరేకు ఒరుసుకుని టైరు అంచు చుట్టూ కత్తితో చెక్కినట్టు తెగి ఉంది. ఇదే పెద్దరోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు జరిగి ఉంటే? ఆ రాత్రి ఆమెకు ముద్ద దిగలేదు.

"తప్పు నాది నాన్నా, వాడిది కాదు," అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"వాడు అడిగాడు, నువ్వు బిగించావు. అంతేగా," అన్నాడాయన.

బండి ఎక్కనని ఆయన ఒట్టేమీ పెట్టుకోలేదు. ఎక్కడం మానేశాడు, అంతే. పాత చక్రాలు మళ్లీ బిగించినా ససేమిరా అన్నాడు. అవి కూడా బరువు పడితే పైన తగులుతూనే ఉన్నాయి. పాత స్ప్రింగులు పెట్టిద్దామంటే, మన మహానుభావుడు వాటిని ముందే ఎవరికో ఇచ్చేశాడు. ఒకరోజు నాన్న కళ్ల డాక్టరు దగ్గరికి రోడ్డు వారన నడిచి వెళుతుంటే, తమ్ముడు పక్కనే బండిని నత్తనడకన పోనిస్తూ, "ఎక్కు నాన్నా, ఎండగా ఉంది నాన్నా" అని కిటికీలోంచి బతిమాలుతూ ఆసుపత్రి దాకా వెళ్లాడు. ఆయన తల తిప్పలేదు. వెనక బళ్లవాళ్లు హారన్లతో ఇద్దరి తాటా తీశారు. ఆ కథ విని అక్క పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తర్వాత కొట్టు వెనక్కి వెళ్లి ఏడ్చింది. నాన్న ఎక్కని బండి తనకెందుకని, అమ్మేస్తానని తమ్ముడు అంటున్నాడు. అమ్మేస్తే ఆ ఇద్దరి మధ్యా ఆ గర్రుమన్న చప్పుడొక్కటే మిగిలిపోతుందని ఆమె భయం.

"ఇంకొక్కసారి చూద్దాం. కానీ ఈసారి నేను చెప్పినవే," అంది తమ్ముడితో.

ఈసారి వేళ్లను నమ్ముకోలేదు. చక్రం విప్పేసి, లోపల స్ప్రింగు వైపు ఎంత జాగా ఉందో, బయట రేకు అంచు దాకా ఎంత ఉందో స్కేలు పెట్టి చూసింది. కింద జాకీ వేసి ఇరుసును పైకి లేపి, నిండు బండి కుంగినప్పుడు టైరు ఎక్కడిదాకా వస్తుందో గుర్తు పెట్టుకుంది. తమ్ముడు తళతళలాడే జత ఒకటి తెచ్చాడు. "బయటికి పొడుచుకొస్తుంది," అని పక్కకు నెట్టింది. ఇంకోటి తెచ్చాడు. "ఇది మరీ లోపలికి కూర్చుంటుంది. స్ప్రింగుకు రాసుకుంటుంది." చివరికి తానే పై అరలోంచి బూడిదరంగు జత దించింది. వెడల్పు ఒక మోస్తరు. టైరు ఎత్తు కంపెనీ వాటికంటే పిసరంత తక్కువ.

తమ్ముడు వాటిని చూసి నీరుగారిపోయాడు. "నాన్న చెప్పుల్లా ఉన్నాయక్కా ఇవి!"

"నాన్న చెప్పులు ఎప్పుడైనా తెగాయా?"

తమ్ముడు ఆ జతనే మోసుకొచ్చి బండి పక్కన పెట్టాడు. బిగించడం పూర్తయ్యాక, బరువు వేసి చూడ్డానికి సిమెంటు బస్తాలు తెస్తానన్నాడు. అక్క వద్దని చెప్పి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లింది.

నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని రోడ్డు మీది చప్పుళ్లు వింటున్నాడు.

"నాన్నా, నిన్ను షికారుకు రమ్మనడానికి రాలేదు. పని మీదొచ్చా. వాడి బండి వెనక సీట్లోకి బరువు కావాలి."

"బరువు కావాలంటే ఇసుక బస్తాలు లేవా మీ కొట్లో?"

"ఇసుక బస్తాకి చెవులుండవు కదా నాన్నా."

ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు.

కొట్టు దాకా నడిచే వచ్చాడు. వెనక సీట్లో, పరీక్ష పెట్టే అధికారిలా నిటారుగా కూర్చున్నాడు. బండి కుంగింది. అక్క వంగి చూసింది, రెండు వేళ్ల సందు కాస్తా ఒక వేలైంది. రేకు అంచు లోపల తడిసుద్ద పూసింది, టైరు తగిలితే సుద్ద అంటుకుని బయటపడుతుందని. తాను ముందు కూర్చుంది. తమ్ముడు బండి తీశాడు.

స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగారు. చప్పుడు లేదు. అక్కకు ప్రాణం లేచొచ్చింది. వీధి చివర తమ్ముడు స్టీరింగు పూర్తిగా తిప్పి బండిని వెనక్కి మళ్లిస్తున్నాడు.

"ఆపు," అన్నాడు నాన్న.

తమ్ముడు బ్రేకు వేశాడు. నాన్న దిగాడు. కానీ ఇంటివైపు వెళ్లలేదు. ముందుకొచ్చి, ఎడమ చక్రం పక్కన మోకాలి మీద కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టి తడిమాడు.

"ఈ ప్లాస్టిక్ ముక్క వదులుగా ఉందమ్మా. బండి తిప్పినప్పుడు తగుల్తోంది."

అక్క చూసింది. నిజమే, చక్రం వెనకుండే ప్లాస్టిక్ తొడుగుకు ఒక స్క్రూ బిగించడం తనే మర్చిపోయింది. సిగ్గుపడుతూ జేబులోంచి స్క్రూ డ్రైవరు తీసి బిగించింది. నాన్న చేతులు దులుపుకుని, ఎవరూ తీయకుండా తానే తలుపు తీసుకుని, మళ్లీ వెనక కూర్చున్నాడు.

"మళ్లీ తిప్పరా," అన్నాడు.

ఆ బండి విషయంలో, ఆపమనడం తప్పిస్తే, ఇన్నాళ్లకు కొడుకుతో నేరుగా అన్న మొదటి మాట అది. తమ్ముడు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఏమీ వినిపించలేదు. కొట్టు ముందు బండి ఆగాక అక్క నాలుగు చక్రాలూ చూసింది. సుద్ద ఎక్కడా చెదరలేదు. వెళ్లి వెనక తలుపు తీసింది.

"దిగు నాన్నా, అయిపోయింది."

"ఎక్కడైంది? ఆ రోజు మీ అమ్మ కూడా ఉంది కదా బండిలో," అన్నాడాయన కదలకుండా. "పోనియ్ ఇంటికి."

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. సంగతి విని, "నన్ను తూకం వేస్తారా ఇప్పుడు?" అని సాగదీసి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "జరగండి," అంది. ఆయన జరిగాడు.

మళ్లీ స్పీడ్ బ్రేకర్ వచ్చింది. తమ్ముడు బ్రేకు మీద కాలుంచి బండిని నెమ్మదిగా పోనిచ్చాడు. బండి ఎక్కింది, దిగింది. ఆ గర్రుమన్న చప్పుడు రాలేదు. వెనక సీట్లో నాన్న చెప్పులు విడిచి, కాళ్లు చాపుకున్నాడు.