బల్లకి ఏ పక్క?

బెర్నడీన్ చేతిలో డబ్బాలు నిలవవని ఆ చర్చి నేలమాళిగలో అందరికీ తెలుసు. ప్రతి గురువారం లేనివాళ్లకి ఊరికే పంచే సరుకుల గది తెరిచేముందు ఆవిడ అరలు సర్దుతుంటే, బఠాణీల డబ్బానో పీచ్ పళ్ల డబ్బానో సిమెంటు నేల మీద ఠంగుమని పడేది. సొట్టపడ్డ డబ్బా జనానికివ్వడం మర్యాద కాదని అక్కడి ఆనవాయితీ. దాన్ని పక్కన పెట్టి, మధ్యాహ్నం తలుపులు మూశాక, అక్కడ జీతం లేకుండా పనిచేసే ఆడవాళ్లే పంచుకునేవారు. మచ్చలు పడ్డ అరటిపళ్లు, పెట్టె చిరిగిన మాకరోనీ కూడా అంతే. దాన్ని తీసుకోవడమని ఎవరూ అనుకోలేదు. పారెయ్యడానికి మనసొప్పక మోసుకెళ్లడం, అంతే.

బడి వంటశాలలో ఇన్నేళ్లు పిల్లలకి వడ్డించిన మనిషి ఒక డబ్బా సరిగ్గా పట్టుకోలేదా అని మీరడిగితే నేనేం చెప్పను? మొగుడు పోయాక, వచ్చే పింఛనులో సగం చలికాలం ఇల్లు వెచ్చబెట్టుకునే నూనెకే పోతుంటే, ఆ జారడం ఇంకాస్త ఎక్కువైంది. అయినా ఆవిడ ఆ రెండిటినీ ఎప్పుడూ కలిపి చూసుకోలేదు. తనది పెట్టే చెయ్యి అనే నమ్మింది. పెన్సిల్వేనియా కొండల్లో బార్టన్ క్రీక్ లాంటి ఊళ్లలో మనుషులు పస్తులైనా ఉంటారు గానీ పేదవాళ్లమని ఒప్పుకోరు. బొగ్గుగని ఎప్పుడో మూతపడింది, ఆ పొగరు మాత్రం ఇంకా మూతపడలేదు.

ఆ ఏడాది కౌంటీ సర్కారు సరుకుల గదికి డబ్బిస్తానంది. కౌంటీ సభకి వెళ్లి అడిగిన వాళ్లలో బెర్నడీన్ కూడా ఉంది. మంచి కోటు వేసుకుని, మైకు ముందు నిలబడి, మా ఊళ్లో ముసలివాళ్లు రాత్రిళ్లు టీ తాగి పడుకుంటున్నారు అని గట్టిగా చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి టీ తాగి పడుకుంది.

డబ్బు వచ్చింది. దాంతో మనిషెత్తు ఫ్రిజ్ వచ్చింది, కోడిగుడ్లు, చికెన్, వెన్న వచ్చాయి. వాటి వెనకే ఓ నియమం కూడా వచ్చింది. గది బాధ్యతలు చూసే ఫిలిస్ పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, నియమమంటే ఆవిడకి ప్రాణం. అందరినీ కూర్చోబెట్టి చెప్పింది: ఇక నుంచి ఏది బయటికి వెళ్లినా, తీసుకున్నవాళ్లు తమకి అవసరం ఉందని సంతకం పెట్టాలి.

"మనం కూడానా?" అంది బెర్నడీన్.

"మనం కూడా. కావాలంటే సంతకం పెట్టి తీసుకో బెర్నీ, ఎవరొద్దన్నారు?"

"మరి సొట్టలవి?"

"సొట్టలవీ అంతే. అవి మనవి కావు, సర్కారువి."

బెర్నడీన్‌కి బుర్ర తిరిగిపోయింది. గది ఎన్నడూ లేనంత నిండుగా ఉంది. తన సంచి ఎన్నడూ లేనంత ఖాళీగా ఉంది. ఇది మంచి జరిగినట్టా, చెడు జరిగినట్టా? సంతకం పెడదామని రెండుసార్లు పెన్ను తీసింది. అవసరం ఉంది అన్న మాట దగ్గరికొచ్చేసరికి, సరుకులిచ్చే బల్లకి అవతల వరసలో నిలబడేవాళ్ల ముఖాలు కళ్లముందు కదిలాయి. నేనూ వాళ్లలో ఒకదాన్నా? కాకపోతే ఇన్నాళ్లూ మోసుకెళ్లిందేమిటి? ఆవేళ మైకులో చెప్పింది ఎవరి ఆకలి గురించి? ఎంత ఆలోచించినా తెగలేదు. ఆ నెలంతా వెన్న లేకుండా క్యాబేజీ, నూడుల్సు వేయించుకు తింది. విచిత్రమేమిటంటే, ఆ నెలంతా ఆవిడ చేతిలోంచి ఒక్క డబ్బా జారలేదు.

చివరికి ఆవిడకో ఉపాయం తట్టింది. పక్కూరు ఎల్మ్‌ఫోర్డ్‌లోనూ శనివారాలు సరుకులిస్తారు, అక్కడ తననెవరూ ఎరగరు. టోపీ కళ్ల మీదికి లాక్కుని వెళ్లి వరసలో నిలబడింది. ముందున్నావిడ తుమ్మింది. ఆ తుమ్ము ఎక్కడో విన్నట్టుందే అనుకునేలోపు ఆవిడ వెనక్కి తిరిగింది. ఫిలిస్.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఫిలిస్ ముందు తేరుకుని, వీళ్ల పద్ధతి ఎలా ఉందో చూసిపోదామని వచ్చానంది. నేనూ అందుకేనంది బెర్నడీన్. ఇద్దరి చేతుల్లోనూ ఖాళీ సంచులున్నాయి. వాటి మాట ఇద్దరూ ఎత్తలేదు.

బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఏ ఊరని అడిగింది. బార్టన్ క్రీక్ అన్నారు. పాపం, ఆ పిల్ల నొచ్చుకుంది. కౌంటీ ఊరూరికీ విడిగా ఇచ్చే డబ్బు కదా, ఇక్కడిది ఈ ఊరి వాళ్లకే ఇవ్వాలంది. "కానీ మీరేం దిగులు పడకండమ్మా. మీ ఊళ్లో చాలా బాగా చూస్తారట. అక్కడి ఆడవాళ్లు మనిషిని చిన్నబుచ్చరని అందరూ చెబుతారు. మొహమాటపడకుండా వెళ్లండి."

ఫిలిస్ ఆ పిల్లకి థాంక్స్ చెప్పింది. బెర్నడీన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బయట ఫిలిస్ కారులో కూర్చున్నారు. అద్దాల మీద మంచు పడుతోంది. మొగుడి మందులకే అంతా పోతోందని ఫిలిస్ చెప్పింది. ఆ మాట మీదే ఒక్కసారిగా కోపం తెచ్చుకుంది.

"ఆ సొట్ట డబ్బాలు నీ ఒక్కదానికే కావాలనుకున్నావా? నువ్వు పడేస్తే గదా నాకూ దొరికేవి. ఈ నెలంతా ఒక్కటంటే ఒక్కటి పడెయ్యలేదు నువ్వు!"

"నియమం పెట్టింది నువ్వే గదా!"

"నేనే! కాదన్నానా?"

బెర్నడీన్‌కి ఆవిడ మీద జాలేసింది, కోపమొచ్చింది, ఎందుకో సిగ్గు కూడా వేసింది. వచ్చే గురువారం ఇద్దరం కలిసి సంతకం పెడదామంది. ఫిలిస్ చాలాసేపు చేతి తొడుగులు సర్దుకుంది. "ఇద్దరం తీసుకునే పక్కకొచ్చేస్తే ఇచ్చే పక్క ఎవరుంటారు?" అంది.

గురువారం మిగతా ఆడవాళ్లు పైనుంచి పెట్టెలు కిందికి మోసే పనిలో ఉన్నారు. తలుపులు తెరిచీ తెరవకముందే బెర్నడీన్ బల్ల చుట్టూ తిరిగి వరస పక్కకి వచ్చింది. కాసేపటికి ఫిలిస్ కూడా వచ్చి పక్కన నిలబడింది. పెన్ను బల్ల మీదే ఉంది, ఇద్దరిలో ఎవరూ ముందుగా తియ్యలేదు. వెనక వరస మెట్లదాకా పెరిగింది. ఏం జరుగుతోందో ఎవరికీ అర్థంకాలేదు. వాళ్లిద్దరికీ అసలే కాలేదు.

వాళ్ల వెనక ఉన్నది ఆర్విల్. గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ముసలాయన, వారం వారం తల దించుకుని వచ్చి, తల ఎత్తకుండా వెళ్లేవాడు. బల్ల వెనక ఎవరూ లేకపోవడం ఆయన చూశాడు. నెమ్మదిగా బల్ల చుట్టూ తిరిగి అరల పక్కకి వెళ్లాడు. టోపీ తీసి అరలో పెట్టాడు, రెండు చేతులూ కోటుకి తుడుచుకున్నాడు. మొదటిసారి తలెత్తి వాళ్ల ముఖాల్లోకి చూశాడు.

"చెప్పండమ్మా," అన్నాడు. "గుడ్లు ఇమ్మంటారా?"