బుద్ధిలేనోడి కోసం కట్టిన విమానం

మా బావ కమలాకర్ ఏ వస్తువు చేసినా, దాన్ని వాడేవాడు శుద్ధ బుద్ధిలేనివాడని ముందే తీర్మానించుకుని చేస్తాడు. పైగా ఆ బుద్ధిలేనివాడి మీద పట్టరాని కోపం. వాడింకా రాలేదు, వస్తువు ముట్టుకోలేదు, అయినా స్పానర్ పట్టుకుని వాణ్ని తిడుతూనే ఉంటాడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరయ్యేదాకా అక్కడ తిట్టాడు. తర్వాత రామన్నపేట ఇంట్లో మొదలుపెట్టాడు.

మా అక్క నవనీతకు అటక ఎక్కే నిచ్చెన చేశాడు. పైకెక్కాక ఫోన్ మోగితే బుద్ధిలేనోడు రెండు చేతులూ వదిలేస్తాడని చుట్టూ కమ్మీలు బిగించాడు. ఆ కమ్మీల మధ్య అక్క పట్టింది గాని, అటక మీంచి దించిన బిందె పట్టలేదు. ఇంటి గేటుకు మూడు గడియలు. పాలు పోసే ఉప్పలమ్మ రెండు తీసి, మూడోదాన్ని తిట్టి, పాలు గోడ మీద పెట్టి పోతుంది.

ఇలాంటి మనిషితో కలిసి విమానం కట్టాను. నాకు మండాలా వద్దా?

షాద్‌నగర్ దగ్గర కిరాయి షెడ్డులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం అది. నడిపేది నేను. నాకు వేగం కావాలి. వేగానికి రెక్క చిన్నదిగా ఉండాలి. చిన్న రెక్కతో చిక్కు, కాస్త నెమ్మదిస్తే చాలు స్టాల్ అవుతుంది. అంటే ఇంజను ఆగడం కాదు. ముక్కు మరీ పైకెత్తితే రెక్క మీద గాలి చెదిరి, మోయడం మానేస్తుంది. అప్పుడు విమానం నడిపే కర్రను ముందుకు వదిలి ముక్కు దించాలి. వెనక్కి గుంజితే ఒక రెక్క పడిపోయి, గింగిరాలు తిరుగుతూ నేలకు రావడమే.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. బావ నమ్మితేగా! బుద్ధిలేనోడు గుంజుతాడని రెక్క పొడుగు పెంచాడు. ఇంకోనాడు వచ్చి చూస్తే రెక్కల చివర్లు కాస్త కిందికి మెలిపెట్టి ఉన్నాయి. రెక్క ఒంటికి అతికే మొదట్లో, ముందంచుకు ఓ ముక్కోణపు పట్టీ. అడిగితే కసిరాడు. గాలి ముందుగా రెక్క మొదట్లోనే చెదిరి, హెచ్చరికగా విమానం వణకాలట, చివర్లు మాత్రం ఆఖరిదాకా పట్టు వదలకూడదట. ఆయన చేసిన ప్రతి మార్పుకూ నా వేగం తగ్గింది.

"బావా, ఇది విమానమా, ఎడ్లబండా?" అన్నాను ఒళ్లు మండి.

"ఎడ్లబండి మీదికెల్లి పడ్డోడు లేస్తడు" అన్నాడు.

ఆ తర్వాత మాటలు బంద్. స్క్రూలు కూడా అక్క చేతికిచ్చి అందించుకున్నాం.

అనుమతులన్నీ వచ్చాక, వీపున పారాచూట్ కట్టుకుని ఒక్కణ్నే పైకెళ్లి స్టాల్ పరీక్ష పెట్టాను. ముక్కు ఎత్తాను. విమానం వణికింది. బావ మీది కసితో ఇంకా ఎత్తాను. ఒక్కసారిగా ముక్కు వాలి, నేల ఎదురుగా వచ్చింది. కంఠతా వచ్చిందంతా గాలికి పోయింది. రెండు చేతులతో కర్రను గుండెలకేసి గుంజాను.

చచ్చాననుకున్నాను. నేను గుంజుతూనే ఉన్నా ఏ రెక్కా పడిపోలేదు. విమానం ముక్కు వాల్చి, లేచి, మళ్లీ వాల్చి, నిదానంగా దిగుతూ నాకు బుద్ధి వచ్చేదాకా ఓపిక పట్టింది. అప్పుడు వదిలాను.

దిగి చక్రం పక్కన నేల మీద కూర్చున్నాను. తిట్లకు సిద్ధపడ్డాను.

"గుంజినవా?" అని మెల్లగా అడిగాడు బావ.

తల ఊపాను. ఆయన పక్కనే కూర్చున్నాడు. ఉద్యోగం కొత్తలో విమానం నడపడం నేర్చుకోబోయి తనూ అట్లాగే గుంజాడట. నేర్పే ఆయన చేతి మీద కొట్టి విడిపించాడట. మళ్లీ ఎన్నడూ విమానం ఎక్కలేదట. ఇన్నేళ్లూ తిట్టింది ఎవరినో నాకప్పుడు తెలిసింది.

"నా పక్కన సార్ ఉండె, సతీశ్. నీ పక్కన ఎవలుంటరు? గందుకే రెక్కకు నేర్పిన" అన్నాడు.

నేను ఆ రెక్క వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూశాను. నా మొహం చూసి ఆయనకు మళ్లీ కోపం వచ్చింది. అట్లా చూడడం ఆపి, నీళ్లు తాగి, మళ్లీ పైకెళ్లి సరిగ్గా చేసి రమ్మని కసిరాడు. వెళ్లాను. ఈసారి వణకగానే వదిలాను.

పరీక్షలన్నీ ముగిసిన రోజు, ఎవరూ పిలవకుండానే బావ పక్క సీట్లోకి ఎక్కి బెల్టు కట్టుకున్నాడు. ఎగిరినంతసేపూ కళ్లు గట్టిగా మూసుకుని నన్ను తిడుతూనే ఉన్నాడు.