అచ్చిరావలసిన రాయి

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఆ వజ్రాల కొట్టు మెట్లెక్కడం నాకది మూడోసారి. షావుకారు గారు నా మొహం చూడగానే కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "ఇది కూడా పడలేదాండీ?" అన్నారు. నేను జేబులోంచి కాగితం పొట్లం తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన నవ్వబోయి ఆపుకున్నారు. నవ్వి ఉంటే ఆ రోజు నా నోటినుంచి ఏ మాట వచ్చేదో నాకే తెలియదు.

మా ఇళ్ళలో వజ్రం కొనడమంటే బేరం కుదరగానే అయిపోదు. రాయిని ఇంటికి తెచ్చి మూడు రోజులు దేవుడి దగ్గర పెట్టి చూడాలి. ఆ మూడు రోజుల్లో ఇంట్లో ఏ చెడూ జరగకపోతే అది అచ్చొచ్చినట్టు. జరిగితే వెనక్కిచ్చెయ్యాలి. కొట్టువాళ్ళకూ ఈ సంగతి తెలుసు కాబట్టి కిక్కురుమనకుండా తీసుకుంటారు. తొంభైల చివర్లో నాకు పెళ్ళి కుదిరినప్పుడు, ప్రధానంలో పెళ్ళికూతురి వేలికి పెట్టాల్సిన ఉంగరం కోసం మా అమ్మ ఈ పద్ధతి పట్టుకుని కూర్చుంది.

మొదటి రాయి తెచ్చిన రోజే రొయ్యల చెరువు మీద మోటారు కాలిపోయింది. ఆ వేసవిలో వోల్టేజీ లేక భీమవరం చుట్టుపక్కల కాలని మోటారే లేదు. అయినా పాపం రాయి నెత్తినే పడింది. రెండో రాయి పూజగదిలో ఉండగా నాన్న కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో చేర్చాం. బీపీ మాత్రలు మానేసినందుకు డాక్టరు గారు నాన్నని తిట్టారు, అమ్మ రాయిని తిట్టింది. అక్కడితో ఆగి ఉంటే నేనూ విసుక్కుని ఊరుకునేవాణ్ణి. నాన్న ఇంటికొచ్చిన మర్నాడు వంటింట్లో బెండకాయలు తరుగుతూ, తలెత్తకుండా అమ్మ అంది: "రాళ్ళదేముందిలేరా. ఎవరి పేరున తెస్తున్నామో అది చూసుకోవాలి గానీ."

అచ్చిరానిది రాయి కాదు, ఆ అమ్మాయే అన్నమాట. ఆ మాట మా అమ్మ మనసులో ఒకసారి కుదురుకుంటే ఇక ఎవరూ కదపలేరు. పెద్దగా అరిచాను. చదువుకున్న ఇంట్లో ఈ చాదస్తం ఏంటన్నాను. అమ్మ కత్తిపీట మీంచి లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది.

అరిచాను గానీ, ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు. తన పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన వజ్రాల దుద్దులు అమ్మ తొందరలో, ఏమీ చూసుకోకుండానే పెట్టుకుందట. నెల తిరక్కుండా ఆవిడ తమ్ముడు ఈతకు దిగి కాలవలో పోయాడు. ఆ రోజు తీసేసిన దుద్దులు మళ్ళీ ఎవరి కంటా పడలేదు. ఆయన పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఆ అమ్మాయిని నేను అన్నవరంలో చూశాను. పెద్దవాళ్ళు వ్రతం పీటల మీంచి లేచాక, సత్రం మెట్ల మీద కాసేపు మాట్లాడుకోమని మమ్మల్ని వదిలారు. తను ప్రసాదం పొట్లం విప్పి, రెండు చేసి, పెద్ద ముక్క నా వైపు జరిపింది.

"మీకు కోపం ఎక్కువటండీ?" అంది.

"ఎవరన్నారు?" అన్నాను, కాస్త గట్టిగానే.

"మీ అమ్మగారు చెప్పారండి. ఇప్పుడు మీరూ చెప్పారు," అని నవ్వింది.

నా కోపానికి నాకే నవ్వొచ్చింది ఆ రోజే. వాళ్ళ ఊరు పిఠాపురం వైపు బస్సెక్కి వెళ్ళిపోతున్న ఆ పిల్లని చూస్తూ, ఇక నాకు ఇంకో సంబంధం వద్దనుకున్నాను. ఇప్పుడు తనకి మాటమాత్రం తెలియకుండా, వేలెడంత కూడా లేని రాయి తన మీద తీర్పు చెప్పబోతోంది. పైగా ప్రధానం వచ్చే గురువారమే.

నాన్నే మధ్యస్థం చేశారు. "ఇంకొక్కసారి చూద్దాం. ఇదీ పడకపోతే ఈ సంబంధం వద్దని వాళ్ళకి కబురు పెట్టేద్దాం," అన్నారు. అమ్మ సరేనంది.

అలా ఆ ఆఖరి రాయి కోసమే మూడోసారి ఆ కొట్టులో కూర్చున్నాను. షావుకారు గారు తెల్లకాగితం మీద రాళ్ళు పోసి, నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. దీపాల కింద ఏ రాయైనా మెరుస్తుందనీ, పగటి వెలుగులోనే చూడాలనీ అన్నారు. ఒకదానిలో లేత పసుపు ఛాయ ఉంది. ఇంకోదానిలో, భూతద్దం పెడితే, కాకి అడుగు లాంటి నల్లగీతలు కనిపించాయి. ఆయన రంగు గురించీ కోత గురించీ చెబుతుంటే ఒక్క ముక్క నా చెవికెక్కలేదు.

"మూడు రోజులు మా ఇంట్లో ఏమీ జరగని రాయి ఇవ్వండి," అన్నాను.

"అది నా కొట్లో దొరకదండి," అన్నారాయన మెల్లగా. అన్నిట్లోకీ చిన్నదాన్ని పట్టకారుతో తీసి నా అరచేతిలో పెట్టి ఊదమన్నారు. పట్టిన ఆవిరి పట్టినట్టే విడిపోయింది. "ఇందులో ఏ దోషమూ లేదండి. నేను చెప్పగలిగింది అంతవరకే."

పొట్లం అమ్మ చేతికిచ్చాను. పూజగదిలోకి తీసుకెళ్ళింది. మొదటి రోజు నాన్న చేత దగ్గరుండి మాత్రలు మింగించాను, మోటార్ల దగ్గరికి రెండుసార్లు తిరిగాను. వంటింట్లో ఏ గిన్నె పడిన చప్పుడైనా పరిగెత్తుకెళ్ళి చూశాను.

రెండో రోజు చెరువు నుంచి వస్తున్నాను. కాలవ గట్టు రోడ్డు మీద ఎవరో సగం రోడ్డుకి ధాన్యం ఆరబోశారు. ఎదురుగా ట్రాక్టరు వస్తే స్కూటరు ధాన్యం మీదికి తిప్పాను, చక్రం జారింది. లేచేసరికి కుడిచెయ్యి ఉంగరపు వేలు నాది కానట్టు పక్కకి వాలి ఉంది. ప్రాణం పోయేంత నొప్పి. ఆ నొప్పిలో కూడా నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఇది అమ్మ కంట పడకూడదనే. గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

డాక్టరు దగ్గరికి వెళ్తే కట్టు కడతాడు, కట్టు కడితే తెలిసిపోతుంది. అందుకని వెళ్ళలేదు. వేలు నేనే లాగి సరిచేసుకున్నాను. ఇంట్లో చెయ్యి జేబులో పెట్టుకు తిరిగాను. చెరువు దగ్గర కుర్రాళ్ళతో తిన్నానని చెప్పి భోజనం ఎగ్గొట్టాను. తప్పనిసరైన పూట చెంచాతో తింటే, "ఏంటా దొరల తిండి?" అంది అమ్మ. టౌను అల్లుణ్ణి కాబోతున్నాను కదా, అలవాటు చేసుకుంటున్నానన్నాను. నాన్న నవ్వారు.

మూడు రోజులూ గడిచాయి. అమ్మ పొట్లం తెచ్చి నాన్నకిచ్చి, "ఉంగరం చేయించండి," అంది.

గురువారం పిఠాపురంలో తన వేలికి ఉంగరం తొడిగాను. బొటనవేలు, చూపుడువేలు పనిచేస్తున్నాయి కాబట్టి ఆ గండం గడిచింది. తరువాత తను నాకు తొడగాలి. అది నాకు గుర్తే లేదు! నా వేలు రెండింతలు వాచి ఉంది. ఉంగరం కణుపు దగ్గర ఆగిపోయింది. "గట్టిగా తొయ్యమ్మా," అన్నారెవరో. తోసింది. "అమ్మా" అని అరిచాను.

తను నా చేతిని తిప్పి చూసి, నా మొహం చూసింది. ఏం అర్థమైందో గానీ, "చిటికెన వేలికి పెడతానండి, కోప్పడకండేం," అంది అందరికీ వినబడేలా. అందరూ గొల్లున నవ్వారు. మా అమ్మ నవ్వలేదు.

తిరుగుప్రయాణంలో నాన్న ముందు సీట్లో నిద్రపోయారు. జొన్నాడ వంతెన దగ్గరికొచ్చాక అమ్మ అడిగింది, "ఎప్పుడు?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "రెండో రోజు," అన్నాను. ఇక ఉంగరం వెనక్కి తెమ్మంటుంది, అంతా అయిపోయిందనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

అమ్మ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "రాయి దేవుడి దగ్గర లేదురా," అంది. "అక్కడ పెట్టింది ఖాళీ పొట్లం. మూడు రోజులూ రాయిని నా కొంగున ముడేసుకుని తిరిగాను."

"ఎందుకమ్మా?"

"ఆ పిల్ల పేరెత్తితే నీ మొహం ఎలా అవుతుందో నేను చూడట్లేదనుకున్నావా? ఏదన్నా వస్తే నా మీదికే రానీ అనుకున్నాను. నాకు తలనొప్పైనా రాలేదు. అంటే తప్పు రాయిది కాదు. నువ్వే బండి సరిగ్గా తోలలేదు."

నేనడిగాను, "నీకేమన్నా అయ్యుంటే?"

అమ్మ వాచిన వేలి మీద మెల్లగా ఊదింది.

"నీలాగే దాచుకునేదాన్ని," అంది.