మెడదాకా పాతమన్నాను

ఒక మాట చాలా ఏళ్లుగా నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. పిల్లల పెళ్లిళ్లు చేశాను, కోడళ్లకు పురుళ్లు పోశాను, మా ఆయన్ని సాగనంపాను. వీటన్నిటిలోనూ అది నాతోనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లకు చెబితే "పోనీలే, ఎప్పటి సంగతో" అంటారు. ఆ పోనీలే నాకు అక్కర్లేదు.

నేను ఒక మనిషిని పాడు చేశాను. కొట్టలేదు. తిట్టలేదు. ఒక్క మాట చెప్పాను, అంతే. అందులో అబద్ధం కూడా లేదు. అందుకే కాబోలు ఇన్నాళ్లు దర్జాగా తిరిగాను.

నిజాం కాలం నాటి మాట ఇది. అప్పట్లో అమీర్‌పేట ఎంత పచ్చగా ఉండేదో చెప్పి మురిసిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మురిసిపోను. ఆ పచ్చదనానికి నీళ్లు మోసింది నేను. ఒక నవాబు గారి బంగళాలో మా ఆయన దర్జీ. మగ్గం మీద బతకలేక ఊరొదిలి వచ్చినవాళ్లం. ఆయన లోపల కుట్టుపని చేస్తుంటే నేను తోటలో బావికీ మొక్కలకీ మధ్య తిరిగేదాన్ని. రాత్రికి పంజాగుట్ట రాళ్ల కింద మా గుడిసెకు చేరేవాళ్లం. వానొస్తే మా ఇంట్లో గిన్నెలన్నీ నేల మీదే ఉండేవి, ఒక్కో చుక్క కింద ఒక్కోటి.

తోట చూసే ముసలి మాలి ఉర్దూ తప్ప మరో ముక్క మాట్లాడేవాడు కాదు. నారు పెంచే పని నాకు నేర్పింది ఆయనే. ఆయనకు కళ్లు పోయాక ఆ పని నాకే వస్తుందని అనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు. ఇంతలో నవాబు గారి మోటారు నడిపే మనిషి జ్వరంతో పోయాడు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు వాళ్లు. అతని భార్య రూతమ్మ, కూతురు సలోమి బంగళావాళ్లు ఇచ్చిన తోట వెనక గదిలో ఉండేవాళ్లు. నవాబు గారి భార్య బేగం సాహెబాకు జాలి కలిగింది. చలికాలం చివర తన కూతురి నిఖా ఉంది, దానికి ఇంగ్లండు నుంచి తెప్పించిన కార్నేషన్ పూల విత్తనాలు ఉన్నాయి. వాటిని పెంచి పూయిస్తే తోట పని నీదే, గదిలో ఎప్పటికీ ఉండొచ్చని రూతమ్మతో చెప్పింది. లేకపోతే? లేకపోతే గది ఖాళీ చెయ్యాలి. అది నోటితో అనలేదు కానీ అందరికీ తెలుసు.

నాకు కడుపు మండింది. ఎన్నేళ్ల చాకిరీ నాది. ఆమె చేసిందల్లా మొగుణ్ణి పోగొట్టుకోవడం. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నా చెయ్యి ఆగడం లేదు చూడండి. నేను మారానని అనుకోకండి.

రూతమ్మ మంచిదా అంటే మంచిదే. అదే నాకు పడలేదు. ఎవరేమన్నా తల వంచుకుని వినేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని, సలోమి చెయ్యి పట్టుకుని ఖైరతాబాద్ దాకా ప్రార్థనకు నడిచి వెళ్లేది. వచ్చేటప్పుడు అక్కడ పంచిన మిఠాయేదైనా ఉంటే నాకు సగం తెచ్చేది. తిన్నాను. తింటూనే ఆమెను ద్వేషించాను.

విత్తనాలు మట్టి మూకుళ్లలో చల్లింది. చల్లేటప్పుడు సాయం పట్టిన నేను కొన్ని గింజలు కొంగున ముడేసుకున్నాను. ఎందుకు ముడేసుకున్నానో అప్పుడు నాకు తెలియదని ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. తెలుసు.

వానలు తెగ కొడుతున్నాయి. లేత నారు జల్లుకు తట్టుకోదని రూతమ్మ మూకుళ్లన్నిటినీ లోపలి గదిలో, కిటికీకి దూరంగా గోడవారన పెట్టింది. బిడ్డల్ని దాచినట్టు దాచింది. మొలకలొచ్చాయి. వచ్చి, వెలుతురు కోసం కిటికీ వైపు మెడలు చాచాయి. రోజురోజుకీ పొడుగవుతున్నాయి, దారంలా సన్నబడుతున్నాయి, ఆకు పాలిపోతోంది. ఆమె అది ఎదుగుదల అనుకుని సంతోషించింది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. మూకుడిని కిటికీ దగ్గరికి జరపాలి, రోజూ ఇటుది అటు తిప్పాలి, పొద్దున్నే అరచేత్తో మెత్తగా నిమరాలి, అలా నిమిరితే కాడ గట్టిపడుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోవడం తప్పా? అడగనిదే చెప్పడం దేనికి అనుకున్నాను. కానీ రోజూ వెళ్లి చూసొచ్చాను. అడగనిదే చూడటం మాత్రం దేనికి?

ఆ రోజుల్లోనే వంటింటి పెరట్లో నేను వేసిన టమాట నారు కూడా సాగిపోయింది. టమాట మొండిది. ఆకుల దాకా పాతితే పూడిన కాడకే వేళ్లు పుడతాయి. అలాగే లోతుగా పాతాను, నిలబడింది. అది రూతమ్మ చూసింది.

తరువాత ఒక పొద్దున పిలిచింది. ఆ మాటలు నాకు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"వదినగారూ, ఒకసారి ఇటొస్తారా? నారంతా ఇలా ఒరిగిపోతుందేంటండీ?"

"సాగింది రూతమ్మ. ఎల్తురు సాలక సాగింది."

"ఇప్పుడేం చెయ్యాలండీ? మీ రామములక్కాయ నారు కూడా ఇలాగే ఉండేది కదా. మీ చేత్తో నిలబెట్టారు." టమాటను వాళ్లు రామములక్కాయ అంటారు.

"తీసి కుండీలల్ల పెట్టు."

"ఎంత లోతు పెట్టమంటారు?"

"మెడదాక."

ఆమె తన గడ్డం కింద వేళ్లు ఆనించుకుంది. "మెడదాకానా? అంటే ఆకుల కిందిదాకానా?"

"మెడ అంటే మెడనే గద. జర జల్దీ పెట్టు, ఇగ ఫికర్ చెయ్యకు."

ఇదీ నేను చెప్పిన మాట. ఇప్పుడు మా తోటలో మెడ అంటే ఏమిటో మీకు చెప్పాలి. వేరు ఆగి కాడ మొదలయ్యే చోటును ముసలి మాలి గర్దన్ అనేవాడు. దాన్నే మేము తెలుగులో మెడ అనుకున్నాం. మొక్కకు మెడ కిందుంటుంది, మట్టి దగ్గర. మెడదాకా పాతమంటే ఆ చోటు మట్టికి పైన ఉండేలా పాతమని. కార్నేషన్‌కు అదే సరైన పద్ధతి. కాడను పూడిస్తే కుళ్ళి చస్తుంది. కాబట్టి నేను చెప్పింది నిజమే. ఎవరు అడిగినా అదే చెప్పేదాన్ని. కానీ ఆమె వేళ్లు గడ్డం కింద ఉన్నాయి. నేను చూశాను. చూసి, మెడ అంటే మెడనే అన్నాను.

ఆ పూటంతా రూతమ్మ, సలోమి కూర్చుని ఒక్కో మొక్కనూ ఆకుల దాకా పాతారు. వేలితో మట్టి అదిమారు. చెంబుతో నీళ్లు పోశారు. నేను బావి దగ్గర నిలబడి చూస్తున్నాను. మీకు నిజం చెప్తానని కదా మొదలుపెట్టింది. నాకు భయం వెయ్యలేదు, జాలి వెయ్యలేదు. సంతోషమేసింది. పండక్కి కొత్తచీర కట్టుకున్నప్పుడు ఉండేంత సంతోషం.

ముందు ఆకులు వడలాయి. ఆమె ఇంకా నీళ్లు పోసింది. తరువాత ఒక్కొక్కటే పక్కకు వాలాయి. పట్టుకుని లాగితే మట్టి దగ్గర నల్లగా, మెత్తగా ఊడి చేతిలోకి వచ్చేసేవి. వాసన కూడా వచ్చేది. రూతమ్మ ఒక్కో మొక్కా చేతిలో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. సలోమి ఏడ్చింది.

బేగం సాహెబా పిలిచి అడిగినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. రూతమ్మ నా పేరెత్తితే ఏం చెప్పాలో పెదవుల మీద సిద్ధంగా పెట్టుకున్నాను. మెడదాకా అన్నాను, ఆమె తలదాకా పూడ్చింది, నన్నేం చెయ్యమంటారు అని. అందరూ నవ్వేలా చెప్పాలని కూడా అనుకున్నాను. కానీ రూతమ్మ నా పేరెత్తలేదు. "తప్పు నాదేనండీ" అంది. అంత బాగా తయారుచేసుకున్న జవాబు వృథా అయిందని నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. అలాంటి మనిషిని నేను.

కొంగున కట్టుకున్న గింజలు మా గుడిసె దగ్గర పగిలిన కుండల్లో పెరుగుతున్నాయి. అవి కూడా మొదట సాగాయి, వానకు లోపలే ఉంచాను కదా. రోజూ కాస్త కాస్త ఎండ చూపించాను. పొద్దున్నే నిమిరాను. చీపురు పుల్లలు పక్కన గుచ్చి దారంతో వదులుగా కట్టాను. మెడ మట్టికి పైనే ఉంచాను. కాడలు బిగిశాయి. ఆ కుండల్ని తట్టలో పెట్టుకుని బంగళాకు తీసుకెళ్లాను. రూతమ్మ పారెయ్యబోయిన నాలుగు గింజలు ఏరుకున్నానని చెప్పాను. ఇది మాత్రం అబద్ధమే.

నిఖాకు పూలు పూశాయి. తోట నాకొచ్చింది. గది కూడా. రూతమ్మ ఒక ట్రంకుపెట్టె, ఒక చాప పట్టుకుని వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు గది తుడిచి, పొయ్యి అలికి వెళ్లింది. "మీరు వస్తున్నారు కదా వదినగారూ" అంది.

ఇక్కడితో ఆగితే నన్ను నేను ఎలాగోలా సమర్థించుకోగలను. కడుపు కోసం చేశాను, కురిసే గుడిసె, పిల్లలు, అని. ఆగలేదు.

ఏళ్లు గడిచాయి. అమీర్‌పేటలో నా చేతికి పేరొచ్చింది. పెరట్లో పాదు వేసే ఆడవాళ్లు మొదటి విత్తు నాతో వేయించుకునేవాళ్లు. నా చేతి వాసి అలాంటిదని చెప్పుకునేవాళ్లు. యుద్ధం రోజులొచ్చాయి, తిండిగింజలకు కరువొచ్చింది. ఒక పగలు పంజాగుట్ట దగ్గర కంట్రోలు బియ్యం దుకాణం వరసలో నిలబడితే నా ముందు రూతమ్మ. ఇళ్లలో అంట్లు తోమి బతుకుతోందట. పక్కన సలోమి, పెళ్లయింది, చంకలో పాప. ఒక చేత్తో సంచులు, ఒక చేత్తో పాప, ఆ పిల్ల అవస్థ పడుతోంది. రూతమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి. కొంగులో చుట్టుకుని ఉన్నాయి.

"పిల్లను మీ అమ్మకియ్యరాదు" అన్నాను సలోమితో.

"అమ్మ ఎత్తుకోదు" అంది సలోమి.

రూతమ్మ నవ్వింది. నవ్వుతూనే చెప్పింది. "నా చేతి సంగతి మీకు తెలియంది కాదు కదండీ. అవే విత్తనాలు, అదే పని. మీ చేతిలో పూసింది, నా చేతిలో కుళ్ళింది. మా ఆయనకు మందు పోసింది కూడా ఈ చెయ్యే. లేతదాన్ని ముట్టుకోవడం ఎందుకని."

సలోమి నా వైపు చూసింది. ఇంట్లో ఎన్నిసార్లు పోట్లాడిందో ఏమో, నేనైనా కాదంటానని చూసింది. పాప కూడా చూసింది. వరస కదలడం లేదు. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. గది పోతుందన్న భయం కూడా అప్పటికి లేదు. నవాబు గారి కుటుంబం వేరేచోటికి వెళ్లిపోయింది, మేము సొంత ఇల్లు చూసుకున్నాం. రూతమ్మా, నీ చేతిదేం లేదు, నేను నీకు చెప్పాల్సిన విధంగా చెప్పలేదు. ఇంతే కదా చెప్పాల్సింది.

నేనేమన్నానంటే, "ఏం జేస్తం రూతమ్మ. కొందరి చెయ్యి గట్లనే ఉంటది."

ఎందుకన్నాను? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. భయం అనుకున్నాను, కాదు. సిగ్గు అనుకున్నాను, అదీ కాదు. నా చేతిలో పూసింది అని ఆమె అంది కదా, అది వినడం నాకు బాగుంది. కాదంటే ఆ మాట పోతుంది. నలుగురిలో నా చెయ్యి గొప్పదని ఉండిపోవడం కోసం ఒక ముసలిదాని చేతిలోకి మనవరాలు రాకుండా చేశాను. మొదటిసారి ఆకలి చేయించిందని అనుకుందాం. రెండోసారి కడుపు నిండి ఉండి చేశాను.

సలోమి మొహం తిప్పుకుంది. రూతమ్మ అవునన్నట్టు తలూపి, చేతుల్ని కొంగులో ఇంకా లోపలికి పెట్టుకుంది. ఇంతకాలం ఆమెకు ఎక్కడో ఒక చిన్న అనుమానమైనా ఉండి ఉంటుంది, బహుశా నా చేతిది కాదేమో అని. దాన్ని కూడా ఆ పూట నేనే తీసేశాను.

ఆ తరువాత ఆమెను చూడలేదు. కొన్నేళ్లకు పోయిందని విన్నాను. పోయేలోగా ఆ పాపను ఒక్కసారైనా ఎత్తుకుందో లేదో తెలియదు. సలోమి ఎక్కడుంటుందో కనుక్కోవడం పెద్ద కష్టమేం కాదు, ఆ ప్రార్థన మందిరానికి వెళ్లి అడిగితే చెప్తారు. వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లి ఆమె ముందు కూర్చుని ఏడిస్తే ఆ పిల్ల నాకు మంచినీళ్లిచ్చి ఓదార్చాల్సి వస్తుంది. తల్లి పోలికే కదా, ఓదారుస్తుంది కూడా. అది నాకు దక్కకూడదు.

మీరు కూడా ఏమీ అనకండి. మీ దగ్గర క్షమాపణ అడగడానికి రాయలేదు. మీరెవరు నన్ను క్షమించడానికి? ఒక్కరికైనా తెలియాలని రాశాను. రూతమ్మ చెయ్యి మంచి చెయ్యి. ఆ చేతిలో ఏ దోషమూ లేదు. నారు చచ్చింది నా మాట వల్ల.

ఇంతవరకూ రాసి లేచాను. ఆకలేసింది. ఈ మధ్య తిండి సయించక కోడలు బతిమాలి పెడుతోంది. ఇవాళ నేనే వెళ్లి పప్పన్నం కలుపుకుని కూర్చున్నాను. రెండోసారి వడ్డించమన్నాను కూడా. కోడలు సంతోషపడింది. సిగ్గుగా ఉంది. కానీ తిన్నాను.