ఆడవాళ్ళ పెట్టెలో అనసూయక్క

ఇవాళ పొద్దున గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చున్నాను. లేతవి కావడంతో ఒక్కొక్క కాయ పుటుక్కుమని విరుగుతోంది. ఆ చప్పుడుతో పాటు వేళ్ళకంటిన పచ్చివాసన ముక్కుకు తగలగానే, దాని వెనకే బొగ్గు పొగ వాసన కూడా వచ్చినట్టనిపించింది. మా వంటింట్లో బొగ్గు పొగ ఎక్కడిది? గ్యాసు పొయ్యి వచ్చే చాలా ఏళ్ళయింది. అది రేపల్లె నుంచి తెనాలి వచ్చే సాయంత్రం పాసింజరు పొగ. ఆ రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో కూర్చుని తుంచినన్ని గోరుచిక్కుళ్ళు నా కాపురం మొత్తంలో తుంచి ఉండను. అవన్నీ మా చేత తుంచించింది అనసూయక్క.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు కనక చెబుతున్నాను. పొట్టి మనిషి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, చేతిలో ఎప్పుడూ ఒక నార సంచి. రేపల్లె పోస్టాఫీసులో గుమాస్తా. ఇద్దరు పిల్లల తల్లి. నాకంటే ఆరేళ్ళు పెద్ద, కానీ అరవయ్యేళ్ళ ధీమా. డెబ్బైల మొదట్లో నాకు రేపల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. తెనాలిలో ఇల్లు, రేపల్లెలో బడి. మొదటి రోజు సాయంత్రం రైలెక్కి కిటికీ పక్కన ఒదిగి కూర్చున్నాను. పిల్లలు నా మాట ఒక్కటి విన్లేదు, గొంతు పోయింది, ఏడుపొక్కటే తక్కువ. ఎదురుగా కూర్చున్న అనసూయక్క నన్ను కాసేపు చూసి, అడక్కుండానే నా ఒళ్ళో ఇంత గోరుచిక్కుళ్ళు పోసింది.

"ఏం చేస్తుంటావమ్మాయ్?" అంది.

"బడిలో టీచర్నండి."

"టీచరు గొంతు ఇట్టా ఉంటే పిల్లలకేం వినపడుద్ది? ఇదిగో, ఇవి తుంచు. చేతులు పనిలో పడితే నోరు దానంతటదే తెరుచుకుద్ది."

నిజంగానే తెరుచుకుంది. భట్టిప్రోలు వచ్చేసరికి బడి సంగతులన్నీ చెప్పేశాను. వేమూరు వచ్చేసరికి నవ్వుతున్నాను. ఆ పెట్టెలో ఒక పద్ధతి ఉండేది. ఉద్యోగాల నుంచి ఇళ్ళకు వెళ్ళే మేము రేపల్లెలో కూరలు కొనుక్కుని రైలెక్కేవాళ్ళం. అన్నీ ఒక పాత చీర మీద కుప్ప పోసి, అందరం కలిసి తుంచి, ఒలిచి, తెనాలి దగ్గర పడుతుండగా అనసూయక్క ఎవరి వాటా వాళ్ళకు పంచేది. ఎవరు కొన్న బెండకాయలు ఎవరింట్లో ఉడికేవో ఆ దేవుడికే తెలియాలి. మా అమ్మ మాత్రం, రేపల్లె కూరలు భలే శుభ్రంగా వస్తాయని ఇరుగుపొరుగుకు చెబుతూ ఉండేది.

ఆ పెట్టెలోనే మేరీ నాకు స్నేహితురాలైంది. మేరీ రేపల్లెలో నర్సు, నా ఈడుదే. ఎవరిలా కావాలంటే వాళ్ళలా మాట్లాడి చూపించేది. మా హెడ్మాస్టరు గారిని ఒక్కసారి చూసిందో లేదో, మర్నాడు రైల్లో ఆయన పొడుం పీల్చడం, తుమ్ము రాక అవస్థపడడం చేసి చూపిస్తే పొట్టలు పట్టుకున్నాం. నేను ఇంట్లో గట్టిగా నవ్వితే నాన్న గొంతు సవరించుకునేవారు. రైల్లో ఎంత నవ్వినా ఇంజను చప్పుడులో కలిసిపోయేది. ఇరవై రెండేళ్ళకు నేను నవ్వడం నేర్చుకున్నానంటే మీకు వింతగా ఉండొచ్చు. నాకు అది నిజం. నెత్తి నిండా బొగ్గు నుసితో, చీర మీద బీరకాయ పొట్టుతో మేం ముగ్గురం ఉన్నంత హాయిగా నేను మళ్ళీ ఎక్కడా లేను.

అలా ఏడాదిన్నర గడిచాక నాకు బాపట్ల సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు సత్యనారాయణ. అక్కడి ఒక చేనేత బట్టల దుకాణంలో మేనేజరు. ఇంట్లో అందరికీ నచ్చింది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. అంతకు ముందు వచ్చిన రెండు సంబంధాలవాళ్ళూ పెళ్ళి కాగానే ఉద్యోగం మానాలన్నారు. జాతకాలు కుదరక అవి తప్పిపోయాయి గాని, నేను వద్దన్నందుకు కాదు. నాన్న కూడా మొదటి నుంచీ "పెళ్ళయ్యేదాకా చేసుకో" అనే అన్నారు. నా పిల్లలు అప్పుడే నా మాట వినడం మొదలుపెట్టారు. ఆ బడి వదులుకోవాలంటే నాకు ఏడుపొచ్చింది.

అనసూయక్క అంతా విని, "అబ్బాయిని చూశావా?" అంది.

"త్వరలో వాళ్ళే వస్తారట, పెళ్ళిచూపులకి."

"పెళ్ళిచూపుల్లో ఎవరన్నా ఎవర్నన్నా చూస్తారా? మీ బావగారు నన్ను చూడ్డానికొచ్చినప్పుడు నేను ఆయన కాలివేళ్ళు తప్ప ఏం చూళ్ళేదు. ఆ వేళ్ళ పైనున్న మనిషి మంచివాడయ్యాడు, నా అదృష్టం. అందరికీ అట్టా కుదురుద్దా? మనమే ముందు వెళ్ళి చూసొద్దాం పద."

రెండో శనివారం నాకు సెలవు. అనసూయక్క సెలవు పెట్టింది, మేరీ డ్యూటీ మార్చుకుంది. సూర్యలంక సముద్రం చూసొస్తామని ఇళ్ళల్లో చెప్పి, పులిహోర కట్టుకుని, బాపట్ల రైలెక్కాం. దుకాణం ముందు రిక్షా దిగాం. లోపల మేనేజరు బల్ల వెనక కుర్చీలో ఒకాయన కూర్చున్నాడు. నున్నగా దువ్విన తల, మొహాన పౌడరు, వేలికి ఉంగరం. ఇంకొకతను కింద తెల్లదుప్పటి మీద గోడకానుకుని చీరలు మడతపెడుతున్నాడు. మేం ముగ్గురం కుర్చీలో ఆయన్నే చూశాం. మేనేజరు కుర్చీలో మేనేజరు గాక ఇంకెవరుంటారు?

మగవాడి ఓర్పు తెలియాలంటే చీరలు విప్పించాలని అనసూయక్క సిద్ధాంతం. కూర్చోగానే మొదలుపెట్టింది. ఆ ఆకుపచ్చది చూపించండి. అంచు ఇంకొంచెం సన్నగా ఉండాలి. రంగు బాగుంది గాని నేత పల్చన. పోనీ ఆ పైవరసలోది. ఆయన పదిహేను దాకా బాగానే చూపించాడు. ఇరవై దాటాక విసురుగా పరచడం మొదలుపెట్టాడు. ముప్పై దగ్గర ఇక ఆగలేకపోయాడు.

"కొనేది ఒకటి, విప్పించేది వంద. మీరసలు కొంటానికే వచ్చారా అండి?"

గోడ దగ్గర కూర్చున్నతను తలెత్తకుండానే, "చూడనివ్వండి. చూడ్డానికేగా వచ్చారు" అన్నాడు. మేం విప్పించిన చీరలన్నీ అతని ముందు అప్పటికే మళ్ళీ మడతలుపడి ఉన్నాయి. ఆ సంగతి మాలో ఒక్కరూ పట్టించుకోలేదు. సిగ్గుపడి మేరీ ఒక తువ్వాలు కొంది. బయటికి రాగానే అనసూయక్క తీర్పు చెప్పింది.

"ముప్పై చీరలకే మొహం మాడ్చుకున్నాడు. వీడితో ముప్పై ఏళ్ళేం చేస్తావే? వద్దు."

వద్దనుకోగానే నా గుండెల్లో రాయి కాస్తా దిగిపోయింది. సూర్యలంకలో మేం చేసిన అల్లరి ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి మేరీ, ఆ పౌడరాయన గొంతుతో కెరటాలను "మీరసలు తడపటానికే వచ్చారా అండి?" అని అడుగుతోంది. నవ్వలేక అనసూయక్క ఇసకలో కూలబడింది. ఇంతలో పెద్ద కెరటం వచ్చి ముగ్గురినీ నిలువునా తడిపింది. పులిహోరలో సగం ఇసక. అదే తిన్నాం. తడి చీరలు ఒంటిమీదే ఆరబెట్టుకుని, ఉప్పు చారలతో తెనాలి చేరాం.

ఇంటికొచ్చేసరికి శుక్రవారం రమ్మని నాన్న వాళ్ళకు ఉత్తరం రాసేశారు. సోమవారం రైల్లో ఈ మాట చెప్పి బిక్కమొహం వేశాను. అనసూయక్క తొణకలేదు.

"రానీ. వద్దనేముందు, నీ ఉద్యోగం సంగతి అడిగెయ్. ఇప్పుడు అలవాటైతే రేపు అసలు వాడొచ్చినప్పుడు పనికొస్తది."

ఆ వారమంతా రైల్లో రిహార్సలే. మేరీ తువ్వాలు భుజానేసుకుని పెళ్ళికొడుకైంది. ఖాళీ చేపల తట్టతో రోజూ మా పెట్టెలో వచ్చే పోలేరమ్మ గారు మామగారి వేషానికి సిద్ధమైంది. "మా ఇంటో ఆడోళ్ళు గడప దాటరు పిల్లా" అని ఆవిడ గదమాయిస్తే నాకు నిజంగానే మాట పడిపోయేది. అడగడం మూడో రోజుకు వచ్చింది. అడిగాక ఎవరూ పలక్కపోతే ఆ నిశ్శబ్దం భరించలేక నేనే "పర్లేదులెండి" అనేసేదాన్ని. అనసూయక్క అక్కడ పట్టుకుంది.

"చూడు, అడగటం సగమే. అడిగాక నోరు మూసుకుని కూర్చోటం మిగతా సగం. జవాబొచ్చేదాకా నువ్వు మాట్లాడకు. పర్లేదులెండి అన్నావా, నీ ఉద్యోగం నువ్వే తీసి వాళ్ళ చేతిలో పెట్టినట్టు."

శుక్రవారం వాళ్ళొచ్చారు. కాలివేళ్ళు చూడకూడదని గట్టిగా అనుకుని తలెత్తాను. ఎదురుగా ఉన్నది పౌడరాయన కాదు. గోడకానుకుని చీరలు మడతపెట్టినతను. కుర్చీ మనిషి ఆయన దగ్గర పనిచేసే సేల్స్‌మన్ అని తర్వాత తెలిసింది. మేనేజరుకు కుర్చీలో కూర్చుంటే తోచదట. ఆయన కూడా నన్ను గుర్తుపట్టాడు. కనుబొమలు కొంచెం పైకి లేచాయి. ఎక్కడ బయటపెడతాడోనని నాకు ముచ్చెమటలు పోశాయి. ఏమీ అనకుండా మంచినీళ్ళు తాగాడు.

ఇప్పటిదాకా అది వద్దనుకున్న మనిషిని అడగాల్సిన ప్రశ్న. తేలికే. ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి నాకు నచ్చాడు. ఇక్కడ కాదంటే సంబంధం నిజంగా పోతుంది. అయినా అడిగాను.

"పెళ్ళయ్యాక కూడా నేను ఉద్యోగం చేస్తానండి. మీకు ఇష్టమేనా?"

మా అమ్మ నా మోచెయ్యి గిల్లింది. నాన్న గొంతు సవరించుకున్నారు. అబ్బాయి తండ్రి నవ్వి, "మా ఇంట్లో ఆడపిల్లలు సంపాయించాల్సిన అవసరం లేదమ్మా. అయినా అయ్యన్నీ తర్వాత చూసుకోవచ్చులే" అన్నారు. పెద్దాయన మంచిగానే అన్నారు. "పర్లేదులెండి" నా నాలుక చివరికొచ్చింది. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. అంత నిశ్శబ్దం నా జన్మలో ఎరగను. వీధిలో ఒక జట్కా వెళ్ళడం, దూరంగా దాని గంటలు వినపడకుండా పోవడం కూడా నాకు గుర్తుంది.

"అడిగింది నన్ను నాన్నా" అన్నాడాయన. తర్వాత నా వైపు తిరిగి, "చెయ్యండి. మానమని నేనెప్పుడూ అననండి" అన్నాడు.

వెళ్ళేటప్పుడు గడప దగ్గర కాస్త వెనకబడి, నాకు మాత్రమే వినపడేలా, "సన్నంచు ఆకుపచ్చది కొత్తగా వచ్చిందని మీ అక్కయ్యగారితో చెప్పండి" అన్నాడు.

మర్నాడు రైల్లో ఇదంతా చెప్పేసరికి పెట్టె పెట్టంతా గోలగోల. పోలేరమ్మ గారు మామగారి వేషంలోనే నాకు దీవెనలిచ్చింది. మేరీ ఆ చివరి మాటను పదిసార్లు చెప్పించుకుంది. తప్పు మనిషిని పరీక్ష చేసినందుకు అనసూయక్క ఒక్కరోజు కూడా చిన్నబుచ్చుకోలేదు. "నేను చూసింది దుకాణాన్ని. దుకాణం బాగుంది" అని దబాయించింది. నేను గెలిచాననుకున్నాను. పెళ్ళయింది. ఉద్యోగం నిలిచింది. కాపురం బాపట్లలో కనక బదిలీకి అర్జీ పెట్టమన్నారు, పెట్టాను. అర్జీ మీద సంతకం చేసేటప్పుడు కూడా నాకు ఏమీ తట్టలేదు.

బదిలీ ఉత్తర్వు వచ్చాక చివరిసారి ఆ సాయంత్రం పాసింజరు ఎక్కినప్పుడు తట్టింది. బాపట్ల బడికి ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు. రైలక్కర్లేదు. వేమూరు దాటాక నాకు దుఃఖం ఆగలేదు. ఉద్యోగం, ఉద్యోగం అని అంత ఆరాటపడ్డావే, అది దక్కిన రోజున ఏడుస్తున్నావేమిటని మేరీ నా వీపు నిమురుతూ తనూ ఏడ్చింది. అనసూయక్క ఏడవలేదు. నా వాటా సంచిలో వేసి, సంచి నోరు ముడి వేస్తూ చెప్పింది.

"నువ్వు పోగొట్టుకోకూడదనుకున్నది ఒక్క బడినే కాదే, ఈ పెట్టెని కూడా. నాకా సంగతి మొదట్లోనే తెలుసు. బాపట్ల సంబంధం అన్నరోజే తెలుసు."

"మరి చెప్పలేదేం అక్కా?"

"చెప్తే నువ్వు అడిగేదానివా?"

తెనాలి వచ్చింది, దిగిపోయాం. ముప్పై నాలుగేళ్ళు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నా జీతం, నా గొంతు, నా ఇంట్లో నాకున్న మాట, అన్నీ ఆ ఒక్క శుక్రవారం నుంచి వచ్చినవే. వాటిని నాకు నేర్పి చేతిలో పెట్టిన మనిషి, అవి దక్కితే నేను తనకు దక్కనని తెలిసి కూడా ఆ వారమంతా నా చేత రిహార్సలు చేయించింది. నన్ను ఇష్టపడ్డవాళ్ళు ఆ తర్వాత చాలామంది ఉన్నారు. అంత ఇష్టపడి, అంత నవ్వుతూ నన్ను సాగనంపినవాళ్ళు మాత్రం ఇంకొకరు లేరు.