మ ఒత్తు

పక్క తరగతిలో నవ్వులు వినిపిస్తే చాలు, ట్రైనీ టీచరమ్మ చేతిలో సుద్దముక్క విరిగేది. అక్కడ పాఠం చెప్పేదీ తనలాంటి ట్రైనీయే. పిల్లలు మాత్రం ఆమె చెయ్యి వదలరు. తను ఎన్ని రంగుల చార్టులు తగిలించినా ఇక్కడ ఆవలింతలే. ‘ఆవిడలో ఏముందట!’ అని కడుపు మండిపోయేది.

ఆ రోజు చివరి బెంచీ పిల్ల ‘అమ’ అని రాసి, ‘మ’ దగ్గర కాగితానికి మళ్లీ చిల్లు పెట్టింది.

“ఎందుకే అంత గట్టిగా రాస్తావ్?”

“మీరేగా టీచర్, మకి మ ఒత్తు అన్నారు! ఒత్తుతూనే ఉన్నా.”

టీచరమ్మ నవ్వలేదు. పక్కన కూర్చుని, వేలు పట్టుకుని, ‘మ’ కింద బుల్లి ఒత్తు దిద్దించింది. పిల్ల కూడబలుక్కుంది. “అ... మ్మ. అమ్మ! టీచర్, అమ్మ!” మొహం చాటంత అయింది. “పక్క క్లాసు టీచర్‌కి చూపించి రానా?”

లేవబోయిన పిల్లను రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది.

“ఎక్కడికీ వద్దు. ఇంకోసారి నాకే చదివి వినిపించు.”