చర్చి అరుగు మీద పిలిచిన పేర్లు

1954 ఎండాకాలం. కర్నూలు రాజధాని అయి ఇంకా ఏడాది నిండలేదు. మైదానంలో గుడారాలు వేసి ఆఫీసులు నడుపుతున్నారు. ఊళ్ళో నాలుగు గోడలు నిలబడి ఉంటే చాలు, వాటికి కప్పు వేయమని ఎవరో ఒకరు తొందరపెడుతున్నారు. నేను కప్పుల పనిలో మేస్త్రీని. అంతకు ముందు పత్తికొండ, ఆలూరు వైపు తిరిగి మిద్దెలు వేసి బతికినవాణ్ణి. ఒక్కసారిగా పని మా గడప దాకా వచ్చింది.

ఇప్పటివాళ్ళు సిమెంటు స్లాబు తప్ప మరొకటి చూసి ఉండరు. మేము వేసే కప్పును మద్రాసు టెర్రస్ అనేవారు. దూలాల మీద సన్నటి ఇటుకలను సున్నంతో ఐమూలగా, నిలువుగా పేరుస్తాం. దాని మీద జెల్లీ పరుస్తాం. జెల్లీ అంటే ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కంకర. అసలు పని అక్కడ మొదలవుతుంది. ఆడవాళ్ళు వరుసగా కూర్చుని కొయ్య బీటర్లతో ఆ జెల్లీని రోజుల తరబడి కొట్టాలి. మధ్యమధ్యలో బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చల్లాలి. కొట్టినచోట గుర్తు పడకుండా బీటరు ఎగిరి వెనక్కి వస్తే కప్పు గట్టిపడినట్టు. వరుస మొత్తం ఒకేసారి దెబ్బ వేయాలి. లేకపోతే ఒకచోట దిట్టంగా, మరొకచోట గుల్లగా తయారవుతుంది. దెబ్బలు కలవాలంటే పాట పాడే మనిషి కావాలి.

మా వరుసకు ఆ మనిషి సుగుణమ్మ. మా పేటలోనే ఉండేది. భర్త పోయాడు, అత్త మంచం దిగలేదు. వరుసగా వానలు తప్పి పొలాల్లో కూలి లేకపోవడంతో ఆ బీటరే వాళ్ళిద్దరికీ అన్నం. ఆమె ఒక మాట అందుకుంటే మిగతావాళ్ళు దెబ్బతో జవాబు చెప్పేవాళ్ళు. పాట అప్పటికప్పుడు కట్టేది. మేస్త్రీ గొడుగు కింద నీడ ఉందని, ఆ నీడలో మేస్త్రీ ఒక్కడే పడతాడని నా మీద కూడా కట్టింది. నేను కోపం నటించేవాణ్ణి. పని మాత్రం చక్కగా సాగేది.

మా వరుసలో అందరూ మా చర్చివాళ్ళే. మిషన్ బళ్ళో చదివాను గనుక ఆదివారం ఆరాధనలో బైబిలు వాక్య పాఠం నేనే చదివేవాణ్ణి. ఆరాధన ముగిశాక చర్చి అరుగు మీద నిలబడి, మర్నాటి పనికి ఎవరెవరు రావాలో పేర్లు పిలిచేవాణ్ణి. అందరూ అక్కడే ఉంటారు, ఇల్లిల్లూ తిరిగే శ్రమ తప్పుతుందని అలా మొదలుపెట్టాను. పని పెరిగేకొద్దీ చర్చికి వచ్చేవాళ్ళూ పెరిగారు. పాస్టరు అయ్యగారి ప్రసంగాలు బలపడ్డాయనుకున్నాను. కొంత నా మంచి నడత చూసి వస్తున్నారని కూడా అనుకున్నాను.

ఆ వేసవిలో నందికొట్కూరు నుంచి వచ్చిన రంగయ్య శెట్టి అనే కంట్రాక్టరు దగ్గర ఒక కప్పు ఒప్పుకున్నాను. అది రికార్డులు దాచే గది. దాని పక్కనే పెద్ద భవనం లేస్తోంది. ఆ కప్పులు ఎవరికి దక్కుతాయో తేలలేదు. అనంతపురం నుంచి వచ్చిన మరో మేస్త్రీ శెట్టి చుట్టూ తిరుగుతున్నాడు. ఆ పని నాకు వస్తే మేస్త్రీగా కాక కంట్రాక్టరుగా నా పేరుతో బోర్డు పెట్టుకోవచ్చని నా ఆశ.

ఒక సాయంత్రం శెట్టి నిచ్చెన ఎక్కి వచ్చాడు.

"ఏమప్పా దేవదానం, ఎప్పటికయితాది?"

"మీరు ఎప్పుడంటే అప్పుడు. కావాలంటే ఆదివారం గూడా కొట్టిస్తా."

ఆయన నా ముఖం చూశాడు. "ఆదివారమా? మీవాళ్ళు వస్తారా?"

"నేను పిలిస్తే వస్తారు."

ఆయన నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు. ఆదివారం పని చేయించమని ఆయన అడగలేదు. ఆ సంగతి తర్వాత చాలాకాలం నాకు నేనే మరుగుపరచుకున్నాను.

ఆ ఆదివారమే అరుగు మీద నిలబడి, వచ్చే ఆదివారం కూడా పని ఉందని చెప్పాను. కొందరు తలలు దించుకున్నారు. సుగుణమ్మ మాత్రం అంది:

"నేను రాను మేస్త్రీ."

"యాల?"

"ఆదివారం గద."

"కప్పు పచ్చిగుండాది. నడుమ ఆపితే చెడిపోతాది."

"పత్తికొండలో ఆపితిమి గదా. తడి గోనెలు కప్పి ఆడి గుడిలో ఆరాధనకు పోతిమి. ఆ మిద్దెకేమాయె?"

వెనక ఎవరో నవ్వారు. ఆమె చెప్పింది నిజం. పత్తికొండలో ఆ గోనెలు కప్పించినవాణ్ణి నేనే. ఒక్కరోజు తడిగా ఉంచితే జెల్లీకి ఏమీ కాదు. అయినా అందరిముందూ ఆ నవ్వు నాకు తగిలింది.

"అట్లయితే సోమవారం గూడా రావద్దులే," అన్నాను.

ఊళ్ళో కప్పులు వేసే మిగతావాళ్ళు కూడా మనుషుల కోసం నన్నే అడిగేవారు. నేను వద్దన్న మనిషిని ఎవరూ పిలవరు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆమె కొంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అనుకున్న ఆదివారం వరుస కూర్చుంది. చర్చి గంట మోగడం కప్పు మీదికి వినిపించింది. ఎవరూ తల ఎత్తలేదు. ఒకామె పాట అందుకోబోయి రెండు మాటలకే ఆపేసింది. దెబ్బలు ఎవరివి వాళ్ళవిగా పడ్డాయి.

"పాట లేకుంటే దెబ్బ యాడ పడతాదో తెలీదు. నీ కాలు జాగ్రత్త మేస్త్రీ," అంది చివర కూర్చున్న ముసలామె. ఎవరూ నవ్వలేదు.

పని ఒకరోజు ముందు ముగిసింది. మొదటి వానకు ఆ గదిలో ఒక మూల చెమ్మ దిగింది. పైకి వెళ్ళి తట్టి చూస్తే ఆదివారం కొట్టించిన భాగమే గుల్లగా పలికింది. దేవుడు శిక్షించాడని పేటలో కొందరన్నారు. నేను అలా అనను. దెబ్బలు కలవని పని అలాగే ఉంటుంది.

శెట్టి వచ్చి చూశాడు. సున్నం మంచిది కాదేమో అన్నాను.

"సున్నం నేను తెచ్చిందే గదప్పా," అన్నాడు నింపాదిగా. తర్వాత ఇలా అన్నాడు: "నీకు పని ఒప్పజెప్పినప్పుడే ఆదివారాలు తీసేసి అనుకుంటి. మీవాళ్ళు ఆ దినం బీటరు ముట్టరని ఊరంతా తెలుసు. నువ్వే ఇస్తానంటివి. ఇచ్చేదాన్ని వద్దనేకి నేనెవరు?"

అంతకంటే తిట్టినా బాగుండేది. మా దేవుణ్ణి ఎరగని ఆయన మా ఆదివారాన్ని లెక్కలో ఉంచాడు. పాఠం చదివే నేను దాన్ని తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

ఆ మూల తవ్వి మళ్ళీ వేయాలి. సుగుణమ్మను పిలుచుకొస్తే గానీ బీటరు పట్టబోమని వరుసలో ఆడవాళ్ళు చెప్పేశారు. చర్చిలో కలుస్తుందిలే అనుకున్నాను. కానీ నేను పనికి వద్దన్న రోజు నుంచి ఆమె చర్చికే రావడం లేదు. నేను గమనించనే లేదు. అయ్యగారిని అడిగాను.

"నేను వెళ్ళి అడిగాను," అన్నారాయన. "వస్తే పని కోసం బతిమాలడానికి వచ్చిందనుకుంటారట. అందుకని రావడం లేదు." తర్వాత, "ఒక ఆదివారం ఆశీర్వాదం చెబుతూ కళ్ళు తెరిచాను దేవదానం. అందరూ నిన్నే చూస్తున్నారు," అన్నారు. ఆయన ముఖంలో కోపం లేదు.

మర్నాడు ఆమె ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ఎవరికో కూలికి. బొటనవేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుంది.

"ఎవరే?" అంది లోపలినుంచి అత్త.

"మేస్త్రీ వచ్చినాడు."

"గొడుగు తెచ్చినాడా?"

సుగుణమ్మ నవ్వు ఆపుకుంది. నేను నిలబడే చెప్పాను. "తప్పు నాది సుగుణమ్మా. కప్పు చెడిపోయిందని గాదు, నిన్ను మాన్పించడమే తప్పు. పనికి రా."

"వస్తా. పని లేక శానా కష్టమైతాండాది, రానని యాడంటా?" ఒలిచిన పప్పు చేటలో వేసి మళ్ళీ అంది. "ఒక మాట మటుకు. ఈడికొచ్చి పిలువు, లేదంటే బజార్లో పిలువు. గుడికాడ పిలవద్దు. ఆడికి నన్ను పిల్చినోడు వేరే ఉండాడు."

ఆ మూల మళ్ళీ వేశాం. ఆమె పాడింది, వరుస కలిసింది, తర్వాతి వానలకు అది నిలిచింది. పెద్ద భవనం అనంతపురం మేస్త్రీకి వెళ్ళింది. నా బోర్డు నేను పెట్టుకోలేదు.

ఆ తర్వాత ఎన్నడూ చర్చి అరుగు మీద పేరు పిలవలేదు. సోమవారం తెల్లవారకముందే పేటలో ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి. చర్చిలో మనుషులు తగ్గారు. ఎంతమంది నా కోసం వచ్చారో అప్పుడు తెలిసింది. తాగను, అబద్ధపు కొలత కొలవను, అదే నా విశ్వాసానికి సాక్ష్యం అనుకుంటూ బతికినవాణ్ణి. పది మంది అన్నం నా నోటి మాటలో పెట్టుకుని, దేవుడికీ వాళ్ళకీ మధ్యకు వెళ్ళి నిలబడ్డానని మాత్రం నాకు తట్టలేదు. పైకి ఎదగాలనుకోవడం తప్పని నేను అనను. ఎదగడానికి ఎక్కడ నిలబడుతున్నామో చూసుకోవాలి.

సుగుణమ్మ మళ్ళీ వచ్చిన ఆదివారం, పాఠం చదువుతూ ఒకసారి తల ఎత్తాను. ఆమె తన చోట కూర్చుని ఉంది. నా వైపు చూడడం లేదు. నాకు నిమ్మళమనిపించింది. తల దించి పాఠం పూర్తి చేశాను.